పాణి

మా గెడ నలభై అడుగులు.
ఎనిమిది ముక్కలు, ఒకదాని కడుపులో ఒకటి.
మూస్తే నా ఎత్తు.
అన్ని కడుపుల్లోంచీ పోయే గొట్టం మాత్రం ఒక్కటే,
చిటికెన వేలంత.
పైకి కనపడదు.

పొద్దున్నే బరంపురం ఆస్పత్రి అద్దాల ముందు
గెడ సాచేను.
నాలుగో అంతస్తు దాకా బ్రష్షు ఎక్కింది,
నీళ్ళు ఎక్కలేదు.
ముక్కల సందుల్లోంచి కారి
చొక్కా చేతిలోకి, చంకలోకి, నడుం దాకా
చల్లగా దిగేయి.
గేటు దగ్గర్నుంచి సూపర్‌వైజరు బెహెరా కేక:
"పాణి! పాణి పడుచి!"

ఒరియాలో పాణి అంటే నీళ్ళు.
మన పెళ్ళి మంత్రంలో పాణి అంటే చెయ్యి.
ఇంట్లో నేను అప్పన్నని.
బడిలో చేర్చిన రోజున ఒరియా మాస్టారు
పుస్తకంలో చక్రపాణి అని రాసేడు.
అప్పట్నుంచి ఈ ఊళ్ళో ఎవరు "పాణి" అని అరిచినా
ముందు కుళాయి కట్టేస్తాను,
తరవాత తల తిప్పి చూస్తాను.

గెడ దించి పార్కింగు ర్యాంపు మీద వాలుగా పడుకోబెట్టేం,
నేనూ సొంబరూ.
వాడు గుణుపురం కొండల కుర్రాడు,
పనికొచ్చి తొమ్మిది రోజులు.
గొట్టం బయటికి లాగితే మూతి దగ్గర చీలిక.
చీలిక కోసేస్తే బెత్తెడు తక్కువ.
నిన్న ఎవరో మరీ బిగువుగా కట్టేరు.
ఎవరో ఏటి, నేనే.
గెడ సాగుతాది, గొట్టం సాగదు,
మూరెడు వదులు ఉంచాలిరా అని
సొంబరుకి పాఠం చెప్పిందీ నేనే.

కొత్తది ఎక్కించడం
లంగాకి బొందు ఎక్కించడం లాంటిదే.
లోపల పిన్నీసు దారి తప్పిందో, మళ్ళీ మొదటికి.
నా దగ్గర పిన్నీసు లేదు.
గోపాలపురం నుంచి తెచ్చుకున్న వలదారం ఉంది,
దాని కొసని ఒక సీసం గుండు.
సన్నమూతిలోంచి గుండు వదిలి గెడని ఊపితే
మెట్లు దిగే పిల్లలా
టక్కు, టక్కు, మధ్యలో కాసేపు ఏమీ లేదు,
టక్కు...
సొంబరు అరచేతిలో పడింది.
మా నాన్న వలలో ఒక గుండు తక్కువ.
ఇంకా అడగలేదు.

దారం వెంట గొట్టం వచ్చింది.
మూతి మాత్రం ఇత్తడి ముక్కకి పట్టదు.
కత్తెరతో కోస్తే నలుగుతాది.
బ్లేడుతో, తిన్నగా, ఒక్క కోత.
అప్పటికీ మొండికేసింది.
కుంతల కొట్లో టీ అడిగేను, పంచదార వద్దన్నాను.
గొట్టం మూతి అందులో ముంచేను.
ముప్పై లెక్కపెట్టేలోగా మెత్తబడి
ఇత్తడి మెట్లు మూడూ ఎక్కి కూచుంది.
కుంతల నన్ను ఒరియాలో తిట్టింది.
మిగిలిన టీ సొంబరు తాగేడు.
ప్లాస్టిక్ వాసన అన్నాడనుకుంటాను,
సవరలో అన్నాడు.

మా ట్యాంకు నీళ్ళలో ఉప్పు లేదు, సున్నం లేదు.
అద్దం మీద ఆరితే మచ్చ మిగలదు.
ఒకసారి తాగి చూసేను.
సముద్రం పక్కన పుట్టినోడిని,
నోట్లో ఎవరూ లేనట్టు ఉండింది.

గెడ మళ్ళీ లేచింది,
ఒక్కో బిగింపూ వేసుకుంటూ.
కుళాయి దగ్గర సొంబరు.
నా మాట వాడికి సగమే అందుతాది,
వాడిది నాకు అసలు అందదు.
ఇద్దరికీ తెలిసిన ముక్క ఒకటే ఉంది.
"పాణి!" అని అరిచేను.
నన్ను నేనే పిలుచుకున్నట్టయింది.
బెహెరా నవ్వేడు.

రెండు అరచేతుల మధ్య, గెడ లోపల
ఏదో పాకుతున్నట్టు తెలిసింది.
పైన అద్దం మీద నీళ్ళు పరుచుకున్నాయి.
లోపలెవరో కర్టెను కొంచెం జరిపి
మళ్ళీ మూసేసేరు.

చొక్కా తడిమి చూసుకున్నాను.
పాత తడే.